గేటు దగ్గర ఎర్రచేప

అద్దకం ఫ్యాక్టరీలో మురుగునీటి శుద్ధి చూసే ఆపరేటర్‌కి అరచేతులెప్పుడూ చెమటే. ఏ మీట నొక్కాలన్నా ముందు ప్యాంటుకి రెండుసార్లు తుడుచుకుంటాడు. బయటికి వదిలే నీళ్లు శుభ్రంగా ఉంటేనే తక్కువ వడ్డీకి అప్పిస్తామని బ్యాంకు అన్నప్పటి నుంచి, ఆ నీళ్లతోనే గేటు దగ్గర అద్దాల తొట్టి నింపి, అందులో ఒక ఎర్రచేపను వదిలారు. రోజూ అందరికన్నా ముందొచ్చి, వెల్లకిలా తేలిన చేపను తీసి జేబులో దాచి, సంచిలోంచి కొత్తదాన్ని వదలడం అతని పని. "అప్పు చేతికొచ్చాక మంచి యంత్రమే కొందాం. అందాకా నెట్టుకురావయ్యా" అంటాడు మేనేజరు. "అలాగే సార్" అంటాడు అతను, అరచేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ.

ఇవాళ బ్యాంకు ఆఫీసరమ్మ చెప్పాపెట్టకుండా పొద్దున్నే దిగింది. తొట్టి ముందు వంగి, ఫోన్‌లో పాత ఫొటో తెరిచి చేప పక్కన పెట్టింది.

"మూడు నెలల నుంచీ ఇదే చేపా?"

"ఇదేనండీ. మాకు బాగా అలవాటైపోయింది."

"మరి పోయినసారి తోక మీద నల్లమచ్చ ఉందే?"

అతని చెయ్యి తనకు తెలియకుండానే జేబును కప్పేసింది. ఆమె చూపు ఆ చేతి మీద ఆగింది. వేళ్ల కింద ప్యాంటు మీద తడి మెల్లగా పాకుతోంది.

"చెమటండీ" అన్నాడు, ఆమె ఏమీ అడక్కముందే.