పెద్దాయన కోటు

మా పిన్ని బట్టలు కుడుతుంది. జనం కుట్టించుకుని తీసుకెళ్ళడం మరిచిపోయిన బట్టలు ఆమె కొట్లో గోడ పొడుగునా వేలాడుతుంటాయి. మనిషి ఇక రాడని గట్టిగా తేలేదాకా వాటికి కత్తెర పెట్టదు. ఒకాయన ఊరు వదిలి వెళ్ళిపోయాడని వీధంతా చెప్పుకున్నా, ఆయన ప్యాంటు దులిపి మళ్ళీ అదే మేకుకు తగిలించింది. నోటికి మాత్రం ఆ నిదానం లేదు.

మిషను పక్కన పడుకునే ముసలి కుక్కను అందరం పెద్దాయన అనేవాళ్ళం. చూపు మందగించింది. చెవులు ఆయనకు ఇష్టమైనప్పుడే వినిపిస్తాయి. బాబాయిది చాలాకాలంగా ఒకటే పోరు.

"ఇంకో కుక్కపిల్లను తెద్దామే. వీడుండగానే వస్తే వీణ్ణి చూసి నాలుగు బుద్ధులు నేర్చుకుంటుంది."

పిన్ని ఇంతెత్తున లేచేది. "వీడు బతికుండగా ఇంకోటా? వీడి మనసు కష్టపడదూ? వీడి తర్వాతే ఏదైనా. మళ్ళీ ఆ మాటెత్తారంటే మీ చొక్కాలకు మీరే బొత్తాలు కుట్టుకోండి."

ఆ చలికాలం పెద్దాయన తిండి మానేసి మంచాన పడ్డట్టే పడ్డాడు. పశువుల ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరమ్మ సెలైను పెట్టి, "ఆశ పెట్టుకోకండి" అంది. పిన్ని ఇంటికొచ్చి కుమిలి కుమిలి ఏడ్చింది. అది దొంగ ఏడుపని నేననను. కానీ మర్నాడే పక్కవీధికి వెళ్ళి ఓ కుక్కపిల్లను కొంగులో చుట్టుకుని వచ్చింది. మిషను పక్కన ఖాళీ చూడలేకపోతున్నానంది.

పిల్ల చలికి వణుకుతోంది. పిన్ని పెద్దాయన కోటు తీసింది. మిగిలిన ఉన్నిగుడ్డ ముక్కలు ఏరి, లోపల మెత్తటి లైనింగు వేసి తను కుట్టిందే.

"అదేమిటే, వాడింకా..." అని బాబాయి మధ్యలోనే ఆగిపోయాడు.

ఎవరో ఊరొదిలిపోయినవాడి ప్యాంటుకు పెట్టని కత్తెర దానికి పెట్టింది. నడుం దగ్గర కోసింది, కాళ్ళ దగ్గర కోసింది. పిల్లకు అతికినట్టు సరిపోయింది.

వారం తిరక్కుండానే ఆసుపత్రి నుంచి ఫోను. "మీవాడు లేచాడమ్మా! అన్నం కూడా తిన్నాడు. వచ్చి తీసుకెళ్ళండి."

పిన్నికి ముందు సంతోషమే కలిగింది, అది నేను చూశాను. తర్వాత ఆమె కళ్ళు పిల్ల ఒంటిమీది కోటు మీద పడ్డాయి. "నేను రాను, మీరెళ్ళండి" అంది. అంత నోరున్న మనిషి మాట మాకు సరిగ్గా వినపడను కూడా లేదు.

బాబాయి పెద్దాయనను ఎత్తుకొచ్చి కొట్లో దించాడు. పిల్ల పరుగున వెళ్ళి ఆయన గడ్డం నాకింది. ఆయన దాన్ని వాసన చూసి ఊరుకున్నాడు. మనసు కష్టపెట్టుకున్న జాడే లేదు. పిన్ని ఇన్నాళ్ళూ ఎవరి మనసు కోసం అడ్డుపడిందో మరి!

పెద్దాయన చలికి వణకడం మొదలుపెట్టాడు. పిన్ని గబగబా పిల్ల కోటు విప్పి, కుట్లు ఊడదీస్తే ఏమైనా వస్తుందేమోనని తిరగేసి చూసింది. లోపల గుడ్డ మిగిల్చి ఉంటే కదా!

"ఇంకోటి కుడుదువులే. వాడికేం తెలుసు?" అన్నాడు బాబాయి.

"నాకు తెలుసుగా! వాడక్కడ ఊపిరి కోసం కొట్టుకుంటుంటే నేనిక్కడ వాడి బట్టలు పంచేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నానండీ."

కోటు వాసన తగిలిందేమో, పెద్దాయన గోడకు ఆనుకుని లేచాడు. ఎప్పటిలాగే, తొడిగించుకోవడానికి ముందుకాలు ఎత్తి నిలబడ్డాడు. పిన్ని ఆ చిన్న కోటును వీపు వెనక దాచేసింది.

"దించరా నాయనా, కాలు దించు."

పెద్దాయన దించలేదు.