నా స్టీలు డబ్బాలు

లాక్‌డౌన్‌లోనూ మా ఆయన జీతం ఠంచనుగా వచ్చేది. పొద్దున్నే హెడ్‌ఫోన్స్ తగిలించుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే మళ్లీ సాయంత్రానికే దర్శనం. పాప తన స్క్రీన్ ముందు, ఇంగ్లీషులో. దేశం కాని దేశంలో, ఈ బోటనీ డౌన్స్‌లో అంత పెద్ద ఇల్లు కట్టుకుని, నోరారా మాట్లాడే మనిషి లేక అల్లాడిపోయాను.

రెండు వీధుల అవతల ఫ్లాట్‌లో ఉండే కడప అమ్మాయి ఒక్కతే నాకు స్నేహం. వాళ్లాయన టూరిస్టు బస్సు నడిపేవాడు. దేశం సరిహద్దులు మూసేశాక ఆ ఉద్యోగం పోయింది. ఎలా ఉన్నారని అడిగితే "బాగానే ఉండాంలే అక్కా" అనేది. నేను నమ్మేశాను. నమ్మితే నాకూ హాయిగా ఉండేది.

ఒకరింటికి ఒకరు వెళ్లకూడదు కాబట్టి, వండినదేదో డబ్బాలో పెట్టి వాళ్ల గుమ్మంలో ఉంచి, బెల్లు కొట్టి దూరంగా నిలబడేదాన్ని. ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపేది. మొదట్లో నా డబ్బా నిమ్మకాయ పచ్చడితోనో మురుకులతోనో తిరిగొచ్చేది. తర్వాత రావడం మానేసింది. గుత్తివంకాయ వెళ్లింది, పులిహోర వెళ్లింది, ఒక్క డబ్బా రాలేదు. ఆంక్షలు సడలించాక కూడా ఆమె మా గడప తొక్కలేదు.

నాకు ఒళ్లు మండింది. నిజానికి నేను ఎదురుచూసింది ఆమె కోసం. ఆ మాట రాయడానికి మనసొప్పక, "నా డబ్బాలు నాలుగూ పంపించెయ్" అని మెసేజ్ కొట్టాను.

రెండోనాడు పొద్దున తలుపు తీస్తే నాలుగూ గుమ్మంలో ఉన్నాయి, తళతళా తోమి. బెల్లు కొట్టలేదు. మూతలు తీశాను. ఒక్కోదాని అడుగున చెంచాడు పంచదార.

ఇరుగుపొరుగు ఇచ్చిన గిన్నెను మనం ఖాళీగా తిరిగివ్వం. ఏమీ లేకపోతే ఇంత పంచదారైనా వేసిస్తాం. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ తెలిసిన సంగతే. పచ్చడికి నిమ్మకాయలు కొనే స్తోమత లేక ఆమె ఆగిపోయి ఉంటుందని మాత్రం నా మట్టిబుర్రకు తట్టలేదు.

చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా పరుగెత్తాను. ఫ్లాట్ ఖాళీ. కివీపండ్ల ప్యాకింగ్‌లో పని దొరికిందని ఆ ఉదయమే టౌరంగా అనే దూరపు ఊరికి వెళ్లిపోయారని పక్కింటాయన చెప్పాడు. అక్కడే నిలబడి ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"డబ్బాలు అందినాయా అక్కా? నాలుగూ సరిపోయినాయా?"

సరిపోయాయన్నాను.