అవకాడో వేడా, చలవా?

ఉదయం ఆరున్నరకి నరసన్నపేటలో శ్రీకాకుళం బస్సెక్కాను. సంచిలో తువ్వాల్లో చుట్టిన అవకాడో పండు ఒకటి ఉంది. విజయనగరంలో ఆయుర్వేద వైద్యుడికి చూపించి, బాలింతకి పెట్టొచ్చా అని అడగడమే నా పని.

మా అమ్మాయి గౌరికి పురుడొచ్చి ఇరవై రోజులు. రోజురోజుకీ నీరసపడుతోంది, పసిదానికి పాలు చాలడం లేదు. "ఇది తింటే వాతం తగ్గి ఒళ్ళు సమంగా ఉంటాదంట అత్తా, వీడియోలో సెప్పారు" అంటూ అల్లుడు విశాఖ నుంచి ఈ పళ్ళు పంపాడు. మా అత్తగారేమో ఊరూ పేరూ లేని పండు ముట్టనివ్వొద్దంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందేమోనని నాకూ భయమే.

ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు లేదు. అందుకే సీటు దొరకదు, వెళ్ళేవాళ్ళు పెందరాళే బయల్దేరండి. శ్రీకాకుళంలో రెండిడ్లీలు తిని, ఏడు నలభైకి విజయనగరం బస్సు పట్టుకున్నాను.

పక్కన పొందూరు ఖద్దరు చీరలో ఒక పెద్దావిడ. పండు నలిగిందేమోనని నేను తువ్వాలు విప్పి చూస్తుంటే, "ఇదేటమ్మా, వంకాయా?" అంది.

"కాదప్పా, పండే. ఏడి సేస్తాదా, సలవ సేస్తాదా?"

ఆవిడ నొక్కి చూసి, "నూనిలాగున్నాది. ఏడే" అని తేల్చేసింది. వెనక సీటాయన ఊరుకోలేదు. "సలవమ్మా! మా ఇంట మొకానికి రాసుకుంటారు" అన్నాడు. దిగేదాకా ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. ఉన్న మతి కూడా పోయింది నాకు.

తొమ్మిదిన్నర దాటాక దిగి, ఆటోలో కోట దాకా వెళ్ళాను. వెనక సందులోనే వైద్యుడి ఇల్లు. పెద్దాయన పండు కోయించి, చిన్న ముక్క నోట్లో వేసుకున్నారు.

"మా పాత పుస్తకాల్లో ఈ పండు లేదమ్మా. రుచి సూసి సెప్పాల. తీపి, జిడ్డు, బరువు. వాతానికి మంచిదే. కఫముంటే తగ్గించాల. అది సరే, పిల్లకి రోజూ ఏటి పెడతన్నావు?"

గర్వంగానే చెప్పాను. పాత బియ్యం అన్నం, కారప్పొడి, నువ్వుల నూనె. పప్పు లేదు, కూర లేదు. నీళ్ళు కొలిచి రెండు గ్లాసులు.

"ఆకలేస్తందని అనదా?"

"రోజూ అంటాది బాబూ. పత్యం కదా అంటాను."

ఆయన పండు పక్కకి జరిపారు. "బాలెంతకి బలం కావాల గానీ ఉపాసం కాదమ్మా. పప్పు, కూర, పాలు, నెయ్యి ఎట్టు. నీళ్ళు అడిగినన్ని ఇయ్యి. పండు పెడితే పెట్టు, లేపోతే మానెయ్. నీరసం తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళు."

మా అమ్మ నాకు పెట్టిందే కదా నేనూ పెట్టాను! మరి తప్పెక్కడ జరిగిందో అర్థం కాలేదు.

పదకొండున్నర బస్సు ఎక్కగానే గౌరికి ఫోన్ చేశాను. "పప్పేసుకుని కడుపునిండా తినే. మీ మామ్మకి నాను సెప్తాను."

అది మెల్లగా అడిగింది: "అమ్మా, కూర కూడా తినొచ్చా?"

ఏడుపు ఆగలేదు నాకు. ప్రయాణం సుఖంగానే జరిగింది, బస్సులూ వేళకే దొరికాయి. కానీ పక్క గదిలో నా కూతురు ఇరవై రోజులుగా చెబుతున్న మాట వినడానికి నేను విజయనగరం దాకా వెళ్ళాల్సి వచ్చింది.