పాడే నోరు నమలదు: ముదిగుబ్బ పల్లెలో ఒక పగలు

మా పక్కింటి సరోజమ్మ పుట్టిల్లు ముదిగుబ్బ దగ్గర ఒక పల్లె. మే నెలలో ఒకరోజు కొళాయి దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడి ఉన్నాం. మా ఇంట్లోంచి, మా ఆయన కొత్తగా కొన్న ట్రాన్సిస్టర్‌లో సినిమా పాట వస్తోంది. సరోజమ్మ పెదవి విరిచింది. “ఇదేం పాటమ్మా! మా పెద్దమ్మ ఇంట్లో విత్తనం కాయలు ఒలిచేటప్పుడు వినల్ల నువ్వు. తబలా, ఫిడేలు, పిల్లనగ్రోవి, అన్నీ నోటితోనే. పెట్టెగిట్టె ఏం లేదు” అంది. నాకు పాటల పిచ్చి, మా ఆయనకు ఆ పెట్టె పిచ్చి. నేను వినడానికి, ఆయన సరోజమ్మ మాట అబద్ధమని తేల్చడానికి, ఆ ఆదివారమే బయలుదేరాం.

అనంతపురంలో పొద్దున ఆరింటికి కదిరి బస్సు ఎక్కితే బత్తలపల్లి మీదుగా రెండు గంటల చిల్లరలో ముదిగుబ్బ చేరుస్తుంది. టికెట్టు మనిషికి రూపాయిన్నర. దారి పొడుగునా దున్ని పెట్టిన ఎర్ర చేలు, మధ్యలో గొర్రెల మందలు, పైన మబ్బు తునక కూడా లేని ఆకాశం. మా ఆయన ట్రాన్సిస్టర్‌ను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. బాలింత కూడా బిడ్డను అంత పదిలంగా పట్టుకోదు. బస్సు దిగిన చోటే హోటల్లో వేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాం. మొదటి బజ్జీకే ఆయనకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. పంతానికి రెండోది కూడా తిన్నారు.

అక్కడినుంచి పల్లెకు జట్కా. మనిషికి పావలా అడుగుతారు, ఇచ్చేయండి, నడిస్తే ఆ ఎండకు మాడిపోతారు. జట్కా నడిపే ఫకీరప్ప మమ్మల్ని చూడగానే విషయం కనిపెట్టాడు.

“రామక్క ఇంట్లో పాటలు వినేకి వచ్చినారా? ఆయమ్మ సంగీతం మింద ప్రేమతో పాడిస్తాదనుకుంటాండారేమో. అదేం కాదు. పాడే నోరు నమలదు, అదీ లెక్క. కూలోళ్ళు విత్తనం తింటారని నోరు ఖాళీగా పెట్టనీదు. గొంతు లేనోళ్ళు తబలా కొట్టల్ల, ఫిడేలు వాయించల్ల. నోరు మాత్రం ఆడతా ఉండల్ల.”

“తింటూ దొరికితే?” అన్నాను నవ్వుతూ.

“పోయినేడు ఒగామె దొరికింది. ఇంగ మల్లా పనికి పిల్చలేదు. నవ్వొద్దమ్మా, ఈ ఎండల్లో ఈడ ఇంకో పని యాడుండాది?”

నా నవ్వు ఆగిపోయింది.

రామక్క అంటే సరోజమ్మ పెద్దమ్మే. అరవై దాటిన మనిషి, పలచగా, చేతిలో కట్టెతో వాకిలి పక్కన కూర్చుని ఉంది. పెద్ద నడవలో పదిమంది ఆడవాళ్ళు చేటలు ముందు పెట్టుకుని వేరుశనగ కాయలు ఒలుస్తున్నారు. మిషన్లో వేస్తే గింజ మీది పొర ఊడుతుందట, అలాంటి గింజ మొలవదట. అందుకే విత్తనం కాయలన్నీ చేత్తోనే ఒలవాలి. రెండేళ్ళుగా వాన మొహం చాటేసింది, ఈసారి విత్తనమే మిగిలిన ఆస్తి అని రామక్క మాకు మజ్జిగ ఇస్తూ చెప్పింది. నాకు ఆవిడ పిసినారిలా కనిపించలేదు. భయపడుతున్న మనిషిలా కనిపించింది.

పాట ఎత్తుకునేది రసూల్‌బీ. ఊళ్ళోకి డేరా సినిమా వచ్చినప్పుడు రెండుసార్లు చూస్తే చాలు, సంగీతంతో సహా పాటంతా ఆమెకు వచ్చేస్తుంది. ఎవరి వంతు ఏమిటో పంచేది కూడా ఆమే. ఆ రోజు మొదటిది వెన్నెల్లో పడవ పాట. అక్కడున్న వాళ్ళలో పడవ ఎక్కినవాళ్ళు ఒక్కరూ ఉండరు. అయినా ఒకామె నాలుకను అంగిటికి కొట్టి తెడ్డు నీళ్ళలో పడిన చప్పుడు చేసింది. నలుగురు పెదాలు మూసుకుని ఫిడేళ్ళయ్యారు. ఒక ముసలమ్మ బోసినోటితో తబలా మోగించింది. మధ్యలో కాయలు చిటుక్కు చిటుక్కుమంటూ పగులుతూ తాళం కలిపాయి. నాకు ఒళ్ళు పులకరించింది. మా ఊరి హాల్లో అదే పాటను నాలుగుసార్లు విన్నాను, ఇంత ఆనందం కలగలేదు.

మా ఆయన ఊరుకుంటారా? “అసలు పాటంటే ఇదీ, వినండి” అంటూ ట్రాన్సిస్టర్ పెట్టారు. చేతులు ఆగలేదు కానీ నోళ్ళన్నీ ఆగిపోయాయి. అందరూ చెవులు రిక్కించారు. రామక్క కట్టెతో నేలమీద కొట్టింది. “ఆ పెట్టె ఆపప్పా! అది పాడితే వీళ్ళు తింటారు!” నడవంతా గొల్లున నవ్వింది. ఆయన పెట్టెను మళ్ళీ తువ్వాల్లో చుట్టారు.

మళ్ళీ పడవ పాటే మొదలైంది. పిల్లనగ్రోవి వంతు రసూల్‌బీ కోడలు మాబున్నీది. ఆరో నెల గర్భిణి, సన్నటి పిల్ల. పెదాలు సున్నాలా చుట్టి ఊదితే నిజం పిల్లనగ్రోవే. అయితే ప్రతి చరణం ముందూ ఆమె ఒకచోట ఆగిపోతోంది, సరిగ్గా అప్పుడే రసూల్‌బీ గొంతు పెంచుతోంది, ఫిడేళ్ళు కూడా జోరెత్తుతున్నాయి. ఆ పాట నాకు కంఠతా వచ్చు, అందులో అక్కడ ఖాళీ లేదు. మాబున్నీ వైపు చూశాను. బుగ్గ కదులుతోంది. కోడలు రెండు గింజలు నమలడానికని అత్త పాటలోనే చోటు చేసిపెట్టింది. మిగతావాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. నేను చప్పున చూపు తిప్పుకున్నాను.

మా ఆయనకు మాత్రం అది సంగీతంలో తప్పుగానే వినిపించింది. “ఇక్కడ పిల్లనగ్రోవి ఉండాలే, ఆ అమ్మాయి వదిలేస్తోంది” అన్నారు గట్టిగా. ఆయన్ను గిల్లాను కానీ అప్పటికే ఆలస్యమైంది. రామక్క తల తిప్పింది. పాట ఆగిపోయింది. మాబున్నీ నోరు మూసుకుని కూర్చుంది, మింగనూ లేదు, ఉమ్మనూ లేదు.

రసూల్‌బీ చేట పక్కన పెట్టి లేచింది. “రామక్కా, దానికి ఆరో నెల. గింజ మింద మనసు పోతాంది. పాటను నేనే అట్ల కట్టినా. మాన్పిస్తే నన్ను మాన్పించు, బిడ్డను ఏమనొద్దు.”

రామక్క కట్టె ఊతంగా లేచి గింజల రాశి దగ్గరికి వెళ్ళింది. వంగి, రెండు దోసిళ్ళు తీసి, మాబున్నీని కొంగు పట్టమని ఒడిలో పోసింది.

“తినవే పిల్లా. భూమిలో ఏస్తే మొలుస్తాదో లేదో ఆ దేవునికెరుక. నీ కడుపులో మొలిచే ఉండాది గదా.” తర్వాత అందరి వైపు తిరిగింది. “ఏం జూస్తాండారు? పాట నిలపాకండి. దీని పిల్లనగ్రోవి నేనూదుతా.”

ఊదింది కూడా. ఖాళీ కుండలో గాలి ఊదినట్టుంది, శ్రుతి లేదు, తాళం లేదు. ఫిడేళ్ళు నవ్వు ఆపుకోలేక తెగిపోయాయి. మాబున్నీ కళ్ళు తుడుచుకుంటూ, అందరి ముందూ నమిలింది. మా ఆయన ఒక చేట తీసుకుని సాయంత్రం దాకా కాయలు ఒలిచారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. నాకు చాలా సంతోషంగా ఉంది. పాట బాగుండాలంటే ఎక్కడా తప్పు లేకుండా ఉండాలని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ రోజు నేను విన్నవాటిలో అన్నిటికంటే బాగున్నది రామక్క ఊదిన పిల్లనగ్రోవే. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: తొలకరికి ముందే వెళ్ళండి. ఒక్క మంచి వాన పడితే విత్తనమంతా చేలకు పోతుంది, పాడేవాళ్ళు కూడా దాని వెంటే పోతారు.