నాగావళి ఒడ్డున విప్పిన చెప్పులు

అది 1974. రాయగడ దగ్గర ఒక చిన్న మిషన్ కుష్ఠు ఆసుపత్రిలో నేను అప్పటికి ఎనిమిదేళ్లుగా నర్సుని. నాగావళి మాకు అరమైలు దూరం.

కుష్ఠు నరాలను దెబ్బతీశాక పాదానికి స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తొక్కినా తెలియదు. అలా అరికాలిలో పడే పుండుని ప్లాంటార్ అల్సర్ అంటాం. నొప్పి ఉండదు కాబట్టి మనిషి దానిమీదే నడుస్తాడు, అది ఎముకదాకా పోతుంది. దానికి మందుకంటే విశ్రాంతి ముఖ్యం. అందుకే మోకాలి కింది నుంచి వేళ్లదాకా ప్లాస్టర్ కట్టి ఆరు వారాలు ఉంచేవాళ్లం. మానాక ఎం.సి.ఆర్. చెప్పులు ఇచ్చేవాళ్లం. అవి మెత్తటి రబ్బరు అట్టతో మా షెడ్డులోనే కుట్టినవి. చెప్పుల్లేకుండా ఎవరైనా వరండా దిగితే చాలు, దులిపేసేదాన్ని. వార్డులో నా నోటికి జడవనివాడు లేడు, ఆ సంగతి నాకు కాస్త గొప్పగా కూడా ఉండేది.

సింహాచలం గుణుపూర్ వైపు రైతు. నలభై ఏళ్లుంటాయి. జబ్బు బయటపడ్డాక అన్నదమ్ములు అతని కంచం వేరు చేసి, పశువులశాల పక్కన పాక వేశారు. ఆ పాకలో నెల్లాళ్లు ఉండి, తనంతట తానే మా దగ్గరికి వచ్చేశాడు. కుడి అరికాలి పుండుకి రెండుసార్లు ప్లాస్టర్ వేశాం. రెండుసార్లూ ఊడుపుల వేళకి మధ్యలోనే వెళ్లిపోయి, బురదలో దిగి, పుండు పెంచుకుని వచ్చాడు. మూడోసారి వేస్తూ డాక్టరుగారు, ఇప్పుడు మానకపోతే కాలు తీసెయ్యడమేనని చెప్పేశారు.

వార్డులో జరిగే ప్రార్థనలు రెండేళ్లు విని, బాప్తిస్మం కావాలని అతనే అడిగాడు. మా సంఘంలో ఏట్లో పూర్తిగా మునగాలి. పాస్టరుగారు ఈస్టరుకి ముందు ఆదివారం అన్నారు. అప్పటికి ప్లాస్టర్ వేసి వారమే అయింది. నేను కుదరదన్నాను.

"ఒక్క మునకే కదేటి సిస్టరమ్మా. ఇలా మునిగి అలా లేసిపోతాను. ఎండలో ఆరబెట్టుకుంటాను."

"ఆరెయ్యడానికి అదేమైనా పంచా? తడిస్తే ముద్దయిపోతుంది. కాలు కావాలా వద్దా?"

అతను ప్లాస్టర్ వైపు చూస్తూ కూర్చున్నాడు. "ఇంటికాడ కంసం ఏరు సేసేరు. ఇక్కడ ఒడ్డునే ఒగ్గేస్తన్నారు. పొలానికీ పనికిరాను, గుడికీ పనికిరాను. దేవుడు నన్ను దేనికుంచేడో అదైనా సెప్పండి."

ప్రార్థన చేసుకో అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను.

ఆ ఆదివారం బాప్తిస్మానికి ఐదుగురు, అందరూ మా రోగులే. సింహాచలం తనూ వస్తానని పట్టుబడితే ఎడ్లబండిలో తెచ్చి, ఒడ్డున ఒక పెట్టె మీద కాలు పెట్టించి కూర్చోబెట్టాం. తన బాప్తిస్మం కోసం కొని దాచుకున్న కొత్త తెల్ల పంచె ఒళ్లో పెట్టుకున్నాడు. మునిగేవాళ్లు నీళ్ల దగ్గరికి రాగానే, "చెప్పులు ఇక్కడ విప్పండమ్మా" అని నేనే అన్నాను. పవిత్రమైన చోటికి చెప్పులతో ఎలా వెళ్తారు? విప్పిన జతలను వరసగా సర్దింది కూడా నేనే.

తాళాలు, పాటలు. లమ్తపుట్ నుంచి వచ్చిన సొంబారి అనే పిల్ల ఆఖరున మునిగి లేచి, నవ్వుతూ గట్టెక్కింది. అందరి కళ్లూ చెమర్చాయి, నావి కూడా. అప్పుడు సింహాచలం కేక పెట్టాడు.

"అమ్మీ, ఆగు! అడుగెయ్యకు! సిస్టరమ్మా, నెత్తురు!"

ఆమె వెనక ఇసుకలో ప్రతి అడుగూ ఎర్రగా ఉంది. ఏట్లో ఏదో పెంకు అరికాలిని చీరేసింది. ఆ పిల్ల ఇంకా నవ్వుతూనే ఉంది. ఎనిమిదేళ్లు అందరినీ తిట్టిన నోటితోనే ఐదుగురి చెప్పులు విప్పించాను.

"అందరూ కూకోండి. కాళ్లెత్తండి, సూడనీండి," అన్నాడతను. ప్లాస్టర్ కాలు పైకెత్తి పట్టుకుని, ఇసుకలో కూర్చునే జరుగుతూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాడు. ఇంకో ఇద్దరికి గాయాలున్నాయి. తాగడానికి తెచ్చిన కడవలో నీళ్లతో వాళ్ల పాదాలు కడిగాడు. ఒళ్లోని కొత్త పంచె చించి నాకు అందించాడు. నేను కట్లు కట్టాను.

"ఎలా చూశావయ్యా?" అన్నాను.

"మీరంతా మొకాలు సూస్తన్నారు. నాకు కన్ను కాళ్లమీదే ఉంటాది."

మే నెలాఖరుకి అతని పుండు మానింది. బాప్తిస్మానికి ఎం.సి.ఆర్. చెప్పులతో నీళ్లలో దిగాలని నేనే పట్టుబట్టాను. సంఘపెద్ద ఒకాయన గొణిగారు. పాస్టరుగారు గట్టుమీద విప్పిన తన చెప్పులు మళ్లీ తొడుక్కుని, సింహాచలం చెయ్యి పట్టుకుని నీళ్లలోకి నడిచారు.

అతను గుణుపూర్ తిరిగి వెళ్లలేదు. రోజూ పొద్దున్నే వరండాలో నీళ్ల బేసిను పెట్టుకుని, నా రౌండుకి ముందే అందరి అరికాళ్లూ చూసేవాడు. శిష్యరికం గురించి నేను చాలా ప్రసంగాలు విన్నాను, వార్డులో కొన్ని చెప్పాను కూడా. ఇప్పుడు ఆ మాట వింటే నాకు ఒక్కటే గుర్తొస్తుంది: తన వంతు రాని రోజున, ఒడ్డున కూర్చుని మిగతావాళ్ల పాదాలు చూసిన మనిషి. దేవుడు దేనికుంచాడని అతను మళ్లీ నన్ను అడగలేదు. కానీ కొన్నాళ్లకి, నేను కుంటుతుండగా చూసి బేసిను నా ముందుకు జరిపాడు.

"కూకోండి సిస్టరమ్మా. మీ కాళ్లు ఎవరూ సూడ్డం లేదు."

కూర్చున్నాను.