రెండో కుర్చీ

1955వ సంవత్సరం. మద్రాసులో ఒక తెలుగు దినపత్రికలో ఆటల పేజీ నా చేతిలో ఉండేది. హార్బరు వైపు నుంచి ఓడ కూత వినిపిస్తుంటే, తడి ఆరని ప్రూఫులు పట్టుకుని కలలో నడిచినట్టు పనిచేసేవాణ్ణి. ఆ రోజులు తలుచుకుంటే సిరా వాసన, ఉప్పుగాలి ఇప్పటికీ కలిసే వస్తాయి.

ఏటా స్కూలు పోటీలు ముగిశాక హైస్కూలు పిల్లల్లో మేటి ఆటగాళ్ళను ఎంచి ఒక పూర్తి పేజీ వేసేవాళ్ళం. డ్రిల్లు మాస్టర్లు పేర్లు పంపేవారు. నేనూ, మరో ఇద్దరూ మైదానంలో చూసినదాన్ని బట్టి వాదించుకుని తేల్చేవాళ్ళం. ఎంపికైనవాళ్ళకు ఆఫీసు మేడ మీద పతకాలు, కాఫీ, మైసూర్‌పాకు. కానీ ఒక కట్టుబాటు ఉండేది. ఫోటోను జింకు రేకు మీదికి ఎక్కించి చేసే అచ్చును బ్లాకు అంటాం. బ్లాకు లేని పేరుకు పేజీలో చోటు లేదు. ఆ చోటు తర్వాతివాళ్ళకు పోతుంది.

ఆ ఏడు పరుగులో సుగుణకు సాటి లేదు. రాయపురం పిల్ల. అమ్మానాన్నా లేరు, చేపలమ్మే అవ్వ పెంచింది. చెప్పుల్లేకుండా ఆ పిల్ల పరిగెడుతుంటే రాసుకోవడం మరిచి చూస్తుండిపోయాను. దుమ్ము కూడా తీరిగ్గా లేచినట్టనిపించింది. మా పేజీలో పడితే డ్రిల్లు టీచరు ట్రైనింగుకు సిఫారసు చేస్తానని వాళ్ళ హెడ్‌మిస్ట్రెస్ మాటిచ్చింది. లేదంటే ఆ పిల్ల నెత్తికీ చేపల గంపే. అందరి ఫోటోలూ వచ్చాయి, సుగుణది రాలేదు. రాయపురం బయల్దేరాను.

అవ్వ వాకిట్లో, ఆరేసిన వలల నీడలో కూర్చుని ఉంది.

“పేపర్లో బొమ్మ వేసేది పోయినోళ్ళకి గదా సామీ! మా వీధిలో మేస్త్రి బొమ్మ వేసినారు, నల్ల గీత గీసి. ఆయప్ప పోయినాకనే. ఆడ గోడకి దండేసి పెట్టుండారు. బతికుండే బిడ్డకి నేనెట్ట తీయిస్తా?”

“ఇది గెలిచినవాళ్ళ పేజీ అవ్వా. నల్ల గీత ఉండదు.”

“సుమ్మా, ఊరికే చెప్పబాకండి సామీ. గీత లేకపోతే మాత్రం, బొమ్మ బొమ్మే గదా.”

నవ్వు రాలేదు నాకు. మా పత్రిక ఆ వీధికి చావు కబురుగా తప్ప ఎప్పుడు వచ్చింది కనుక? సుగుణ గడపలో నిలబడి, “వద్దులే సార్, అవ్వ భయపడతాది” అంది. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. నాకూ ఏడుపొచ్చినంత పనైంది.

వీధి మొగదాకా వచ్చానో లేదో, వెనక నుంచి అవ్వ పిలిచింది.

“నిలువు సామీ! ఆ బొమ్మలో నేను గూడా కూసుంటే ఒప్పుకుంటారా? తీసకపోయేవాడు వస్తే ముందు నన్నే తీసకపోనీ. ముసిల్ది ఈడుండంగా దాన్నెట్ట ముట్టుకుంటాడో చూస్తా.”

స్టూడియోలో తెర మీద కొలను, హంసలు, పగటిపూటే పండు వెన్నెల. అవ్వ కుర్చీలో కూర్చుంది. సుగుణ ఆమె భుజం మీద చెయ్యేసి నిలబడింది. అవ్వ మాత్రం కెమెరాతో తగువు పెట్టుకున్నట్టు కళ్ళురిమి చూసింది.

“సింగిల్ కాలం వెడల్పు చాలు. ముసలామెను కోసెయ్యవయ్యా,” అన్నారు మా ఎడిటరు.

“ఆమె ఆ పిల్లకు కాపలా కూర్చుంది సార్. కొయ్యను,” అని మొండికేసి సంగతంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “రెండు కాలాలు తీసుకో. గొణుగుడు ఆపు.”

పతకాల రోజున అవ్వ వచ్చింది. పేజీ వైపు చూడనేలేదు. సుగుణ చెంపలు, చేతులు తడుముతూ, “ఉండాది, నా బిడ్డ ఉండాది,” అనుకుంటూనే ఉంది.

సుగుణకు ట్రైనింగులో సీటు వచ్చింది. కొన్నేళ్ళకు డ్రిల్లు టీచరయ్యాక ఒకరోజు మా ఆఫీసుకు వచ్చింది.

“అవ్వ పోయింది సార్. బొమ్మ అదొక్కటే ఉండాది. పెద్దది చేయించి ఇస్తారా?”

“నిన్ను తీసేసి, అవ్వ ఒక్కదాన్నే చేయించనా?”

“కొయ్యబాకండి సార్. అవ్వ నా పక్కన కూసునింది గదా. ఇప్పుడు నేనుంటా.”

తర్వాత వాళ్ళింటికి వెళ్ళాను. గోడ మీద ఇద్దరూ ఉన్నారు. పూలదండ ఒక పక్కకు జరిపి, అవ్వ వైపు మాత్రమే వేలాడదీసి ఉంది.

ఆ ఏడు నుంచి మేటి పిల్లల ఫోటోలకు నేనే స్టూడియోకు వెళ్ళేవాణ్ణి. ముందుగా పిల్లల కుర్చీ పక్కన రెండో కుర్చీ వేయించి, వాళ్ళని అడిగేవాణ్ణి, ఇందులో ఎవరిని కూర్చోబెడదామని. ఏ పిల్లా ఆలోచించడానికి ఆగేది కాదు.