కాక నల్లగుడ్డ

ట్రంకుపెట్టె మూత తీస్తే ఇప్పటికీ కమురు వాసన కొడుతుంది. అడుగున మడతపెట్టి ఉన్న యాదగిరి కాక నల్లగుడ్డది ఆ వాసన. మా నాన్న తమ్ముడు కాక, మాతోనే ఉండేవాడు. కృష్ణానగర్‌ అడ్డా నుంచి సినిమా షూటింగులకు లైట్‌మన్‌గా పోయేవాడు.

ఎర్రమంజిల్ క్వార్టర్లలో మా చిన్నప్పటి చలికాలం సాయంత్రాలంటే అమ్మ సకినాలు వేయించే నూనె వాసన, దాగుడుమూతల అరుపులు, చెవులకు మఫ్లర్ చుట్టుకుని ముక్కుపొడి పీల్చే నానమ్మ తుమ్ములు, గేటు ముందు ఒకే ఒక్క పసుపు దీపం. కాక షూటింగు నుంచి ఇంటికి రాగానే, అక్కడ లైట్లకు అడ్డం కట్టే ఆ గుడ్డను వెదురుకర్రతో ఎత్తి దీపం మీద కప్పేసి, డాబా మీద మా చేతికి పాత దుర్భిణి ఇచ్చి, వరసగా ఉన్న మూడు చుక్కల కింద బూడిద ఊదినట్టుండే చిన్న మబ్బును చూపించేవాడు.

"దొంగలొస్తరు, గా గుడ్డ తియ్యిరా!" అని కింద నుంచి నానమ్మ అరిచేది.

"జర ఆగే అమ్మా! గక్కడ చుక్కలు పుడుతున్నయి" అనేవాడు కాక. దీపం వేడికి గుడ్డ కమిలేదాకా తీసేవాడు కాదు.

ఇప్పుడు మైత్రీవనం వెనక మా అపార్టుమెంటు డాబా ఎక్కితే రోత పుడుతుంది. ఎదుటి మేడ మీద కోచింగు ర్యాంకుల హోర్డింగు, దాని పక్కన నగల హోర్డింగు, పంజాగుట్ట దాకా ఆకాశమంతా విరిగిన పాల రంగు. నా బిడ్డ సిరికి ఆ చుక్కల మబ్బు చూపిస్తానని మాటిచ్చి మూడు చలికాలాలైంది. తూర్పున ఖాళీ జాగాలో మేడ లేస్తోంది, వచ్చే ఏటికి ఆ కాస్త ఆకాశమూ ఉండదు.

అందుకే టెలిస్కోపుకు బిగించే ఫిల్టర్ల వేటలో పడ్డాను. మొదట తెప్పించింది పాత పసుపు వీధిదీపాల వెలుగును ఆపే రకం. ఇప్పుడున్నవన్నీ తెల్ల ఎల్‌ఈడీలు. అన్ని రంగులూ కలిపి కుమ్మరించే ఆ దిక్కుమాలిన తెలుపు ముందు అదేం పని చేస్తుంది? రెండోది ఆ మబ్బు పంపే సన్నటి ఆకుపచ్చ వెలుగును తప్ప దాదాపు దేన్నీ రానివ్వదు. నిన్న దాన్ని టెలిస్కోపుకు బిగిస్తే ఆకాశమైతే నల్లబడింది గానీ, పక్క నుంచి హోర్డింగు కంట్లో పొడుస్తూనే ఉంది.

"ఏం కనిపిస్తలేదమ్మా. పోదాం పా" అంది సిరి.

నాకు ఒళ్లు మండింది. కిందికి పోయి కాక గుడ్డ తెచ్చి, టెలిస్కోపులో కన్ను పెట్టే చోటుతో సహా సిరి తల మీద కప్పాను. గుడ్డ కింద తల అటూ ఇటూ కదిలింది.

"కనిపిస్తుందమ్మా! పొగ లెక్కుంది!"

కాసేపాగి గుడ్డ తీయబోతే లోపలి నుంచి గట్టిగా పట్టుకుంది.

"ఉండనియ్యమ్మా. చూసుడైంది గానీ, లోపల మస్తు చీకటుంది. గింత చీకటి నేనెప్పుడూ చూడలే."

కాక లేడు, తిట్టే నానమ్మ లేదు. మబ్బు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఎదురుగా హోర్డింగు మీద ఫస్టు ర్యాంకు పిల్ల పళ్లన్నీ బయటపెట్టి వెలిగిపోతోంది. మాకు వీధంతా పరుచుకుని ఉండే చీకటి నా బిడ్డకు గజమున్నర గుడ్డ కింద దొరికింది.